మొదటి డికాషన్ ఎవరిది

నెల రోజుల కిందట నేనొక కాఫీ గింజలు వేయించే యంత్రం కొన్నాను. వంటింటి గట్టు మీద, అన్నం కుక్కర్ పక్కన, దానికంటే కాస్త బొద్దుగా కూర్చుంటుంది. దాన్ని ఆనుకొని డికాషన్ తీసే ఇంకో యంత్రం. రెండూ కలిసి గట్టంతా ఆక్రమించుకోవడంతో కూరగాయలు నేనిప్పుడు ఒళ్ళో పెట్టుకుని తరుగుతున్నాను. నిన్న, అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మా యంత్రంతో మీ అనుభవం రాయండి, ఐదింటికి ఎన్ని చుక్కలిస్తారో నొక్కండి అని. నెల రోజులుగా చుక్కలు చూపిస్తున్నది అది. మళ్ళీ నేనివ్వడమేమిటి?

మొదటి రోజు గింజల మీది పొట్టు వంటిల్లంతా ఎగిరి, నా తలమీద కూడా వాలింది. తల ఎలాగూ తెల్లబడింది కాబట్టి బాగానే కనిపించింది. రెండో రోజు పొగ వచ్చింది. పై వాటా అమ్మాయి మెట్లు దిగి పరుగున వచ్చి, "అక్కా, ఏమన్నా మాడిందా?" అంది.

"మాడలేదమ్మా, వేగింది."

"ఏం వేగింది?"

"నేను," అన్నాను.

మూడో వారానికి యంత్రానికీ నాకూ సయోధ్య కుదిరింది. గింజలు ఎర్రటి మట్టిరంగుకు తిరిగి, కమ్మటి వాసనతో దిగాయి. పొడి చేసి రెండో యంత్రంలో వేసి మీట నొక్కాను. ఒక గ్లాసుకు సరిపడా డికాషన్ నురగతో దిగింది. దిగీ దిగగానే ఆ యంత్రం పిప్పిని బిళ్ళలాగా ఒత్తి, కింది అరలోకి తోసేసింది. నా చెయ్యి దానంతటదే వేడినీళ్ళ గిన్నె మీదికి పోయింది. ఆ బిళ్ళ మీద మళ్ళీ నీళ్ళు పోసి రెండోది తీయాలని. తీయడానికి అక్కడ దారి లేదు. ఈ యంత్రానికి రెండో డికాషన్ అంటే తెలియదు. అది ఇచ్చేదంతా మొదటిదే.

వేడి బిళ్ళ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అనుభవం రాయమన్నారు గదా, రాస్తాను. కాకపోతే వాళ్ళకు కాదు.

*

మాది సముద్రానికి కాస్త ఇవతల, వాకాడు వైపు, వరి పొలాల మధ్య ఊరు. గాలి తూర్పుకు తిరిగితే అలల హోరు వినిపించేది. డబ్బా మూత మరిచిపోతే సాయంత్రానికి అప్పడాలు గుడ్డపేలికల్లా మెత్తబడేవి. ఉప్పు కరిగి నీరు కారేది. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో పొద్దున పూట సద్దన్నమే. మా ఇంట్లో మాత్రం కాఫీ. ఆ కాఫీకి కారణం మా పెద్దమ్మ, అంటే మా పెదనాయన భార్య.

ఆమె పుట్టిల్లు దక్షిణాన, తమిళం సగం తెలుగు సగం మాట్లాడే సరిహద్దు ఊరు. కాపురానికి వస్తూ సారెతో పాటు ఒక ఇనుప పీపా తెచ్చుకుంది. మూరెడు పొడవుండే గుండ్రటి రేకు డబ్బా, గింజలు పోయడానికి జరిగే మూత, మధ్యలోనుంచి ఒక చువ్వ, చువ్వ చివర చెక్కపిడి. దాన్ని బొగ్గుల పొయ్యి మీద రెండు కొమ్ముల నడుమ ఆనించి, పిడి పట్టుకుని తిప్పుతూ ఉంటే లోపల గింజలు వేగేవి. "అందరి కోడళ్ళు పెట్టె తెచ్చుకుంటే, మా కోడలు పీపా తెచ్చుకునింది," అని అవ్వ వచ్చినవాళ్ళందరికీ చూపించేదట.

పదిహేను రోజులకోసారి వెనక వసారాలో వేపుడు. పెద్దమ్మ ముక్కాలి పీట వేసుకుని, చీర చెంగు బొడ్లో దోపి కూర్చుంటే ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు. చెవులతో వేపేది ఆమె. ముందు గింజలు ఇసుకలాగా గలగలమంటాయి. తరవాత బరువు దిగి చప్పుడు పలచబడుతుంది. అప్పుడు చిటపటలు మొదలవుతాయి, మినుములు పేలినట్టు. ఆ చిటపటలు అణిగి, మళ్ళీ సన్నగా మొదలయ్యే లోపల దించెయ్యాలి. దించి చేటలో పోసి చెరుగుతుంటే పొట్టు లేచి, దొడ్లో కోళ్ళు తుమ్మేవి. కోళ్ళు తుమ్ముతాయా అని అడక్కండి. నాకు అలాగే గుర్తు.

పదిహేను రోజులకోసారి ఆమె గింజల్ని వేపేది. మిగతా రోజుల్లో మేమందరం కలిసి ఆమెను వేపుకు తినేవాళ్ళం.

మా ఇంట్లో మనుషులకున్నట్టే కాఫీకీ వరసలుండేవి. ఫిల్టర్లో పొడి వేసి తొలిసారి మరిగే నీళ్ళు పోస్తే దిగేది మొదటి డికాషన్. అది తాతకు, మా పెదనాయనకు, మా నాన్నకు, పంచలో ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళకు. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది రెండోది. అది అవ్వకు, ఇంటికొచ్చిన ఆడచుట్టాలకు. మూడోసారి పోస్తే దిగేదాన్ని డికాషన్ అనడం కేవలం మర్యాద. అందులో బెల్లంముక్క వేసుకుని కోడళ్ళిద్దరూ, పెద్దమ్మా మా అమ్మా, తాగేవాళ్ళు. నాలాంటి పిల్లలకైతే పాలకు ఆ మూడోదాన్ని చూపించి తీసేవాళ్ళు. ఈ వరస ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి కొట్టేయడానికీ వీల్లేదు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. మా తాత తిండి గురించి మాట్లాడడు. బాగుందనడు, బాగాలేదనడు. తిండి ముచ్చట మాట్లాడే మగవాడికి వేరే పనిలేదని ఆయన నమ్మకం. తండ్రి మాట్లాడని చోట కొడుకులు మాట్లాడరు. అందువల్ల ఆ ఇంట్లో కాఫీ వేపిన మనిషికి దాని రుచి తెలియదు, రుచి తెలిసిన మనుషులు నోరు తెరవరు.

*

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. నాకు అప్పటికి తొమ్మిదో పదో. గూడూరు స్టేషన్లో దిగిన గింజల బస్తా బండిమీద ఇంటికి వచ్చేసరికి గోతం తడిసి ఉంది. పెద్దమ్మ ముడి విప్పి, గుప్పెడు తీసి అరచేతిలో దొర్లించి, ఒక గింజ కొరికి చూసింది. సరాసరి పంచలోకి పోయి, స్తంభం పక్కన నిలబడింది. తాత చుట్ట కాలుస్తున్నాడు.

"గింజ మారింది మామా. పోయినేటిది కాదు ఇది. బరువుగా ఉండాది, లోపల తేమ ఉండాది. మొదటి డికాషన్ ఒక గుక్క నేను తాగి చూస్తే ఎంత సెగ పెట్టాల్నో తెలస్తది."

తాత చుట్ట తీయకుండానే, "ఇంట్లో సంగతులు మీ అత్తనడుగు," అన్నాడు.

అవ్వ వంటింట్లో తోటకూర గిల్లుతోంది. అప్పటికే అంతా విన్నది.

"నలభై ఏండ్లయిందిమే నేనీ ఇంటికొచ్చి. నేనే రెండోదానితో సరిపెట్టుకుంటి. నీకు మొదటిది కావాల్నా?"

"కావాలని కాదత్తా. తెలియాలని."

"తెలిసి ఏం జేస్తావు?"

"బాగా వేపుతా."

"ఇప్పుడు బాగలేదని ఎవరన్నారు?"

"ఎవరూ ఏమీ అనరు గదత్తా ఈ ఇంట్లో. అదే గదా నా బాధ. మా నాయన దగ్గరైతే వేపిన మనిషికే తొలి గుక్క."

"ఆ ఇల్లు వేరే, ఈ ఇల్లు వేరే. ఈడ వరస మారదు."

పెద్దమ్మ చేతిలోని గింజల్ని చెంగున ముడేసుకుంది. గొంతు పెంచలేదు. "సరే అత్తా. అయితే నాకు మూడోది కూడా వద్దు. తాగితే మొదటిదే తాగతా. అదీ అందరి ముందర, మీరు ఇస్తేనే."

"తలనొప్పొస్తే నన్నడగద్దు."

"అడగను."

అడగలేదు. కాఫీకి పుట్టి కాఫీలో పెరిగిన మనిషి, మరునాటి నుంచి ఒక్క చుక్క ముట్టలేదు. వేపేది, మరలో పొడి పట్టేది, నీళ్ళు మరిగించి మూడు డికాషన్లూ తీసేది, అందరికీ కలిపేది. తన గ్లాసులో మాత్రం మజ్జిగ. మూడో రోజుకు నెత్తికి గట్టిగా గుడ్డ కట్టుకుంది. ఐదో రోజుకు కళ్ళు లోపలికి పోయాయి. మా అమ్మకు ఆమెను చూస్తే జాలి, అత్తగారిని చూస్తే భయం. ఒక పొద్దున రహస్యంగా తన గ్లాసు జరిపింది.

"అక్కా, నా దాంట్లో సగం తాగక్కా. ఎవరూ చూళ్ళా."

"నీది మూడోదే గదే. నాకు తల నొస్తా ఉండాది, మతి పోలా," అంది పెద్దమ్మ.

నాకూ ఆమె బాధ చూడబుద్ధి కాలేదు. ఒకరోజు వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. ఫిల్టర్లో మొదటి డికాషన్ చుక్క చుక్కగా పడుతోంది. "పెద్దమ్మా, ఒక గుక్క తాగేసెయ్. నేను వాకిట్లో నిలబడి చూస్తా ఎవరన్నా వస్తారేమో," అన్నాను, గొప్ప ఉపాయం చెప్పినదానిలాగా.

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. "దొంగగా తాగేదానికైతే ఈ ఫిల్టరు పన్నెండేండ్లుగా నా చేతిలోనే గదా ఉండేది. ఎవురు అడ్డం?"

అప్పుడు నాకు అంతగా అర్థం కాలేదు. మనిషికి కాఫీ కావాలంటే తాగాలి గాని, ఎవరో ఇచ్చేదాకా తలకు గుడ్డ కట్టుకోవడమేమిటని అనుకున్నాను.

*

అయినా ఆమెకు గింజ సంగతి తెలియాలి. దానికి నన్ను పెట్టుకుంది. పొద్దున పంచలో తాత కాఫీ తాగుతున్నప్పుడు నేను స్తంభం చాటున నిలబడి ఆయన ముఖం చూడాలి. వచ్చి చెప్పాలి. ఆమె ఆ మాటను బట్టి మరుసటి వేపుడుకు సెగ పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ముఖం చూడటం దొంగతనం కాదు గదా అన్నది ఆమె లెక్క.

"కనుబొమలు యాడికి పోయినాయి?" అని అడిగేది.

"యాడికీ పోలా పెద్దమ్మా. ఆడనే ఉండాయి."

"నొసలు?"

"నొసలూ ఉండాది."

ఆమె నిట్టూర్చేది. ఇక్కడే నా గొప్పతనం గురించి ఒక మాట చెప్పుకోవాలి. బళ్ళో నేను ఏనాడూ కాపీ కొట్టలేదు. ఇంట్లో మాత్రం రోజూ కొట్టేసేదాన్ని. పంచలో ఖాళీ గ్లాసులు ఏరుకొచ్చే పని నాదే. తాత అలవాటు, అడుగున వేలెడు కాఫీ వదిలెయ్యడం. ఆ వేలెడు, పంచకూ వంటింటికీ మధ్య నడవలో, నా గొంతులోకి పోయేది. ఆ ఇంటి ఆడవాళ్ళలో మొదటి డికాషన్ రుచి చూసినదాన్ని నేనొక్కదాన్నే. అదీ ఎంగిలి.

కొత్త గింజలు వేపిన వారం నుంచి వేలెడు కాస్తా జానెడైంది. తాత సగం గ్లాసు తాగి పక్కన పెట్టేవాడు. పెదనాయన కూడా అంతే. నాన్న వాళ్ళిద్దరినీ చూసి తనూ పెట్టేసేవాడు. కాఫీ చెడిందని ఆ సగం గ్లాసులు చెబుతున్నాయి. నాకు మాత్రం అది పండగ. నా నాలుకకు బాగున్నదీ బాగాలేనిదీ ఒకటే, చేదు, చక్కెర, దొంగసొత్తు. ఈ సంగతి పెద్దమ్మకు చెబితే ఆమె సరిచేస్తుంది. సరిచేస్తే నాకు మళ్ళీ వేలెడే.

అందుకని రోజూ పోయి, "తాత బాగా తాగినాడు పెద్దమ్మా, అంతా తాగేసినాడు," అని చెప్పేదాన్ని. సాక్ష్యానికి ఖాళీ గ్లాసులు చూపించేదాన్ని. ఆమె గ్లాసు వంచి అడుగు చూసి, "అయితే సెగ సరిపోతా ఉండాది," అనుకునేది. తలకు గుడ్డ బిగించుకుని రెండో వేపుడూ అట్లాగే వేపింది. ఇరవై రోజులు ఆమె ఒక కాఫీదొంగ మాట మీద కాఫీ వేపింది.

*

నాట్లకు ముందు, కాలువ కింది రైతులు మా పంచలో కూడేవాళ్ళు. ఏ మడికి ఏ రోజు నీళ్ళు వదలాలో మాట్లాడుకునేవాళ్ళు. ఒక ఏడు కాలువ తల దగ్గరి మడి నుంచి వంతు మొదలుపెడితే, మరుసటి ఏడు చివరి మడి నుంచి. అది ఆ కాలువ ఆచారం. ఆ ఏడు చివరి మళ్ళవాళ్ళ వంతు. మొదటి మళ్ళవాళ్ళు ఎప్పటిలాగానే గొణిగారు.

"వంతు తిప్పకపోతే చివరోడు ఎప్పుడూ అడుగునీళ్ళే తాగాల. అది న్యాయం కాదు," అని తాత తేల్చేశాడు. గొణుగుడు ఆగింది. లోపలికి కేక వేశాడు, "కాపీ పంపీండి" అని.

ఎనిమిది ఇత్తడి గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని నాన్న తీసుకుపోయాడు. నేను నా స్తంభం చాటున చేరాను. చివరి మళ్ళ పెద్దాయన అందరికంటే ముందు తాగాడు. ఒక గుక్క మింగి, గ్లాసును మెల్లగా అరుగు అంచున పెట్టాడు.

"ఏంది, పెట్టేసినావు?" అన్నాడు తాత.

"పైత్యం చేసింది అన్నా. ఈ మధ్య కాపీ పడటంల్యా నాకు."

ఆ పక్కాయన కూడా పెట్టేశాడు. ఆయనకు ఏమీ చేయలేదు, ఊరికే పెట్టేశాడు. ఒకరి తరవాత ఒకరు. అరుగు అంచున ఎనిమిది గ్లాసులు వరసగా నిలబడ్డాయి, ఎనిమిదీ దాదాపు నిండుగా. మా వైపు పోసిన కాఫీ వదిలి లేస్తే ఇంటివాళ్ళను ఒక మాట అన్నట్టే. వాళ్ళు ఆ మాట నోటితో అనలేదు, చెప్పులేసుకుని వానలోకి పోయారు. తాత ముఖం నేను చూశాను. ఆ రోజు కనుబొమలు ఆడ లేవు.

నాకు భయం పట్టుకుంది. ఈ గ్లాసులు ఇట్లా వంటింట్లోకి పోతే నా బండారం బయటపడుతుంది. పళ్ళెం ఎత్తుకుని దొడ్డివైపు, వడ్ల గాదె వెనక్కి పోయి కూర్చున్నాను. మొదటి గ్లాసు తాగాను. రెండోది తాగాను. మూడోది సగం దాకా తాగాను. ఎనిమిది మంది పెద్దమనుషులు కలిసి చేయలేని పని ఒక్కదాన్ని చేయబోయాను.

"ఏందే ఇది?"

పెద్దమ్మ. చేతిలో చేట. నేను నోరు తెరిచాను. మాట రాలేదు, కాఫీ వచ్చింది.

ఆమె నా నుదురు పట్టుకుని, మూతి తుడిచి, పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పేశాను. తాత రోజూ సగం వదిలేస్తున్నాడని, తాగింది నేనని, అంతా. ఏడుపుతో కలిపి చెప్పాను కాబట్టి చాలాసేపు పట్టింది. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక గ్లాసు ఎత్తి, పెదవికి తాకించకుండా వాసన చూసింది.

"పచ్చి వాసన. పైన మాడింది, లోపల వేగలా," అంది తనలో తాను. తరవాత నాతో, "తప్పు నీది కాదులే. ఇంకొకరి ముఖం చూసి వేపినాను చూడు, అది తప్పు. ఇంక వేపను అట్టా."

మేం వంటింట్లోకి వచ్చేసరికి తాత గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన వంటింటి గడప దాకా రావడం నేను అదే మొదటిసారి చూడటం. అవ్వ, అమ్మ గోడకు అతుక్కుపోయారు. ఏమనాలో ఆయనకు తెలియదు. తిండి మాట్లాడి ఎరగడు గదా.

"ఏందమ్మా, కాపీ..." అని ఆగిపోయాడు.

పెద్దమ్మ నన్ను చూపించి ఉండవచ్చు. చూపించలేదు. నా భుజం మీద చెయ్యి తీయకుండానే, "నేను తాగుంటే ఆ కాపీని పంచలోకి పంపేదాన్ని కాదు మామా," అంది.

బయట వాన ఒకటే చప్పుడు. తాత అవ్వ వైపు చూశాడు, ఇంట్లో సంగతులు ఆమెవి కాబట్టి. అవ్వ కొంచెంసేపు తన గాజులు సర్దుకుంది.

"కాలువకైతే ఏటేటా వంతు తిప్పతా ఉండారు గదా," అంది.

తాత గడప దగ్గర్నుంచి పంచలోకి వెళ్ళిపోయాడు.

*

మరునాడు పొద్దున వెనక వసారాలో పొయ్యి రాజేసింది పెద్దమ్మ. తలకు గుడ్డ అట్లాగే ఉంది. పీపా తిప్పడం మొదలుపెట్టేసరికి తాత వచ్చాడు. ఆయన వెనక ఒక స్టూలు మోసుకుంటూ పెదనాయన, ఆయన వెనక నాన్న. తాత కూర్చుని చుట్ట వెలిగించాడు.

"మామా, ఆ చుట్ట ఆర్పేయండి. పొగలో నాకు వాసన తెలియదు."

మా అమ్మ కళ్ళు మూసుకుంది. తాత చుట్ట వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసి, తడి గోడకేసి నలిపేశాడు.

గింజలు గలగలమన్నాయి, చిటపటమన్నాయి, దిగాయి. చూడ్డానికి దివ్యంగా ఉన్నాయి. వాసనా బాగుంది. మరలో పొడి పట్టి, ఫిల్టర్లో వేసి, మరిగే నీళ్ళు పోసింది. డికాషన్ చుక్క చుక్కగా దిగింది. దిగాక అవ్వ లేచింది. తనే ఒక గ్లాసు తీసుకుంది, తనే పాలు పోసి కలిపింది, చక్కెర వేసింది. తెచ్చి కోడలి ముందు పట్టుకుంది.

"పట్టుకో. అందరి ముందర అంటివి గదా. అందరూ ఉండారు."

పెద్దమ్మ రెండు చేతులతో అందుకుంది.  ఒక గుక్క తీసుకుని నోట్లోనే ఉంచుకుని, కళ్ళు మూసుకుంది. ఇంటిల్లిపాదీ ఆమె ముఖంలోకి చూస్తున్నాం. ఇన్నాళ్ళూ నేను తాతను చూసినట్టు, ఇప్పుడు తాత ఆమెను చూస్తున్నాడు. కనుబొమలు రెండూ దగ్గరికి వచ్చి కలుసుకున్నాయి.

"పచ్చిగానే ఉండాది," అంది.

గ్లాసు కింద పెట్టింది. ఫిల్టర్ కింది గిన్నె, నిండా మొదటి డికాషన్ ఉన్న గిన్నె, ఎత్తుకుని తాత ముందునుంచే నడిచిపోయి, దొడ్లో వాననీటి కాలువలో గుమ్మరించింది. చిక్కటి నలుపు నీళ్ళల్లో గీతలాగా సాగి, కంచె కిందినుంచి బయటికి పోయింది. ఇరవై మూడు రోజులు తలనొప్పి పట్టుకుని, పంతం పట్టుకుని సంపాదించుకున్న డికాషన్ అది. ఒక్క గుక్క తాగి పారబోసింది.

పెదనాయన తట్టుకోలేకపోయాడు. "అంతా పోసేసినావా? కొంచెమన్నా ఉంచకూడదా?"

"మీకు కొంచెం పచ్చిది కావాల్నా?"

 పెద్దమ్మ పీట మీద మళ్ళీ కూర్చుంది. సగం బొగ్గులు పక్కకు లాగేసింది. ఇంకో వాయి గింజల్ని ముందు సన్నటి వెచ్చదనంలో చాలాసేపు ఆరనిచ్చి, ఆ తరవాత సెగ పెంచింది. తొందరలేదు ఆమెకు. పొద్దెక్కింది. పొలానికి పోవలసినవాళ్ళు పోలేదు. ఇంట్లో ఒక్కరి కడుపులోనూ కాఫీ పడలేదు. తాత కణతలు నొక్కుకుంటున్నాడు.

"గుడ్డ తెమ్మంటారా, కట్టుకుంటారా?" అంది అవ్వ.

రెండోసారి వేపిన గింజల మొదటి డికాషన్ ఎవరూ ఇవ్వకుండానే పెద్దమ్మ కలుపుకుంది. ఎవరూ అడ్డం చెప్పలేదు. గుక్క తాగింది. కనుబొమలు యాడికీ పోలేదు. ఇంకో గుక్క తాగింది. నెత్తి మీది గుడ్డ ముడి మెల్లగా విప్పుకుంది.

"ఇప్పుడు పొయ్యచ్చు."

*

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ పొలాల్లో చాలాభాగం రొయ్యల గుంటలయ్యాయి. కాలువ వంతులు మాట్లాడుకునే పంచ ఎక్కడ ఉండేదో, పోయినసారి వెళ్ళినప్పుడు కొలుచుకున్నా తేల్చుకోలేకపోయాను. పెద్దమ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు వేపింది. ఇంకో మూడు నాలుగు సార్లు పారబోసింది కూడా. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమెతో నేను ఆ గాదె వెనక సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పెద్దయ్యాక నేను ఉద్యోగం చేశాను, సంసారం చేశాను. నా పని బాగుందా లేదా అని ఎదుటివాళ్ళ ముఖాల్లో వెతుక్కున్న రోజులు లెక్కలేనన్ని. వెతికి వెతికి విసిగినప్పుడల్లా, కంచె కిందినుంచి వానలోకి సాగిపోయిన ఆ నల్లటి గీత కళ్ళ ముందు కదిలేది. అది చూశాక కూడా ఆమెలా పారబోయడానికి నాకు చాలాసార్లు ధైర్యం చాలలేదు. కొన్నిసార్లు చాలింది.

ఆ పూట ఇంకొకటి జరిగింది. పెద్దమ్మ పొయ్యచ్చు అన్నాక మొదటి గ్లాసు కలిపి, పంచవైపు కాకుండా, అవ్వ ముందు పెట్టింది.

"నాకెందుకుమే? నాది రెండోది గదా."

"తాగి చూడండి అత్తా."

అవ్వ గ్లాసును పైనుంచి చూసింది, పక్కనుంచి చూసింది. చెంగుతో పట్టుకుని ఎత్తి ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"ఇదా," అంది చివరికి. "నలభై ఏండ్లుగా ఈయన పంచలో కూసోని తాగతా ఉండింది ఇదా?"

నిలబడే ఆ గ్లాసు మొత్తం తాగింది. అడుగు వరకూ తాగి, లోపలికి ఒకసారి చూసుకుని, మళ్ళీ కోడలి ముందుకు చాచింది. పెద్దమ్మ పోసింది. పంచలోనుంచి మా తాత దగ్గు వినిపించింది, ఒకసారి, కాసేపాగి ఇంకోసారి.

"ఉండండి, వస్తది," అంది అవ్వ లోపల్నుంచే, గ్లాసు దించకుండా.